ఆదివారం పొట్లం

ఆదివారం పొద్దున్నే నా మొదటి పని
కిటికీ పట్టె మీద వేలితో గీత గీయడం.
వేలు నల్లబడితే బొగ్గు ఓడ వచ్చినట్టు,
ఎర్రబడితే ఇనుప రాయి వెళ్తున్నట్టు.
పోర్టులో టాలీ గుమస్తాని.
వారమంతా నేను లెక్కపెట్టిన సరుకే
నా కంటే ముందు ఇల్లు చేరి
పరుపు మీద పడుకుని ఉంటుంది.

"ఈ ఒక్క రోజైనా లెక్కలు మానరాదూ"
అంటుంది వరాలు, తడిగుడ్డ నా మీదకి విసిరి.

మానాలనే ఉంటుంది.

బీచ్ రోడ్డులో పొద్దున కాసేపు బళ్ళు రానివ్వరు.
తారు మీద పిల్లల స్కేటింగు చక్రాలు,
గాలికి దారి తప్పే షటిల్ కాక్‌లు,
నవ్వుల సంఘం పెద్దాయనలు
ముందు ఉత్తుత్తినే మొదలుపెట్టి
ఒకరి పళ్ళసెట్టు జారితే నిజంగా నవ్వుతారు.
ఇసక అంచున జలాంతర్గామి
నీళ్ళు కనబడేంత దగ్గర్లో, అందనంత దూరంలో,
టిక్కెట్ల కిటికీ తెరిచేదాకా కునుకు తీస్తోంది.

అప్పుడు పాత్రుడు ఫోన్ చేశాడు.
ముప్ఫై ఏళ్ళు ఉక్కు కొలిమి ముందు నిలబడ్డ మనిషి,
ఎండని ఎండ అనడు.
"అరకూ గిరకూ అని డబ్బులు తగలెట్టీకండి బావా,
మా టెంటు కాడికి ఒచ్చీండి.
ఫేనుంది, మజ్జిగుంది,
ఈయేళ కూకోడం నా వంతు."
ఎన్నో రోజురా అన్నాను.
బోర్డు చూసి అంకె చెప్పాడు.
రోజూ చెరిపి, ఒకటి కలిపి రాస్తారట.
ఆ సుద్దముక్క వాడి జేబులోనే ఉంటుందట.

ఇంకో టాలీ గుమస్తా, అనుకున్నాను,
జీతం లేనివాడు.

వెళ్ళలేదు.
కూర్మన్నపాలెం దాకా రెండు బస్సులు, ఎండ,
సాయంత్రం ప్రోగ్రాం, వరాలు మోకాలు.
కారణాలు కూడా లెక్కపెట్టే చెప్పాను,
నాలుగు.

సాయంత్రం నృత్యరూపకం.
మేడమీద సన్యాసమ్మగారి మనవరాలు జోషిత
అందులో మూడో అల.
ముఖ్య అతిథి గంట ఆలస్యం,
జ్యోతి ఏసీ గాలికి మూడుసార్లు ఆరింది,
వక్తకి కప్పాల్సిన శాలువా మైకు సరిచేసే కుర్రాడికి కప్పేశారు,
వాడు తీయలేదు, చివరిదాకా కప్పుకునే తిరిగాడు.
నీలం గుడ్డ ఊగింది.
మొదటి అల లేచింది.
రెండో అల లేచింది.
మూడో అల
మమ్మల్ని చూసి చెయ్యూపుతూ
లేవడం మరిచిపోయింది.

సన్యాసమ్మగారు ఏమీ అనుకోలేదు.
"నిజం సముద్రం మాత్రం?
ఒక్కోటి ఎగ్గొట్టీదా ఏటి" అంది.

మళ్ళీ ఒడ్డు. ముంతమసాలా బండి.
నూకాలు ఉల్లిపాయ తరిగే చప్పుడు
అలల కంటే తొందరగా ఉంటుంది.
మురీలు, బఠాణీ, నిమ్మరసం, చేతికి తెలిసినంత కారం,
పాత పేపరు చుట్టి, కొస మడిచి, చేతిలో పెడుతుంది.
నేను వార్తలు చదివేది ఈ పొట్లాల్లోనే.
ముందు తినాలి.
తర్వాతే తెలుస్తుంది
లోకంలో ఏం జరిగిందో.

ఈసారిది గురువారం నాటి జిల్లా పేజీ.
సగం ఫోటో. టెంటు, వరసగా కుర్చీలు,
చివరి కుర్చీలో ఎవరిదో మోకాలు, దాని మీద తువ్వాలు.
కింద "…వ రోజుకు చేరిన" అని ఉంది.
ముందు అంకె మీద నూనె పడి
కాగితం అద్దమైపోయింది.
ఎత్తి పట్టుకున్నాను.
అంకె ఉండాల్సిన చోట
దూరంగా లంగరేసిన ఓడల దీపాలు.

పొద్దున పాత్రుడు చెప్పింది గుర్తుచేసుకోబోయాను.
రాలేదు.
ఏ ఓడలో ఎన్ని టన్నులో నిద్రలో చెప్పే నాకు
ఆ ఒక్క అంకె రాలేదు.

కాగితం నాలుగు మడతలు పెట్టి
జేబులో పెట్టుకున్నాను.
చొక్కాకి మరక అంటుకుంటుందని తెలిసీ
వరాలు ఏమీ అనలేదు.
వేలికంటిన ఉప్పూ కారం నాక్కుంటూ
చాలాసేపు దీపాల వైపే చూసింది.

"ఎన్ని బస్సులన్నారు?"

రెండు.

"రెండేగా" అంది.