నూగు

స్పిరిట్లో రంగు నిలవదు.
నిజాంపట్నం రాళ్ల కింద
ఒకటి ఇటుక రంగు, ఒకటి నేరేడు.
గుంటూరు ల్యాబులో
రెండు పింగాణి పీతలూ చద్దన్నం రంగే.

మణికట్టు మీద పళ్లు లెక్కపెడతాను.
మూడా, నాలుగా?
నాలుగోది విరిగిందా, అసలు మొలవలేదా?
పట్టకారు తగిలితే చాలు,
చచ్చాక కూడా చెయ్యి వదిలేసే జాతి.

గది ఊడ్చే మస్తాన్‌బీ
మిర్చి యార్డులో పదేళ్లు తొడిమలు తీసింది.
"తేజాకీ సన్నాలకీ తేడా
కంటికేం తెలుస్తుంది సారూ" అంటూ
అడక్కుండానే వేలు పెట్టింది.
"దీనికి నూగుంది. దానికి లేదు."

లెన్సు తిప్పాను.
డెక్క అంచున,
తడికి అణిగిపోయి,
ఉంది.

ఆర్నెల్ల పట్టికలో
కొత్త గడి గీస్తున్నాను.
ఆమె వేలు కొంగుకి తుడుచుకుని
బకెట్టు ఎత్తుకుంది.