బద్ద కాకుండా

కాశీబుగ్గ వెనక వీధిలో జీడి ఫ్యాక్టరీ.
పెడలు మీద కాలు, పిడి మీద చెయ్యి,
పిక్క రెండుగా విచ్చుకోవాలి, లోపలి పప్పు విరగకూడదు.
గుండుకి ఒక రేటు, బద్దకి ఇంకో రేటు.
పద్నాలుగేళ్ళుగా నా వేళ్ళకి తెలిసిన లెక్క.

నెలకి ఆరు రోజులు మాత్రం
వేళ్ళు ఇక్కడ, నేను ఎక్కడో.
పొత్తికడుపులో ఎవరో తడిబట్ట పిండి
దులిపి, మళ్ళీ పిండుతున్నట్టు.
నడుము నుంచి తొడల్లోకి దిగే బరువు.
ఆ రోజుల్లో నా బుట్ట నిండా బద్దలే.
మేస్త్రీ తూకం చూసి ఏమీ అనడు,
పుస్తకంలో రాసుకుంటాడు.

వాము కషాయం తాగాను.
నువ్వులూ బెల్లం దంచుకుని తిన్నాను.
వేణ్ణీళ్ళ సీసా తువ్వాల్లో చుట్టి
బొడ్డు కింద పెట్టుకుంటే
సీసా చల్లారేదాకా నిద్ర.
అబద్ధం ఎందుకు, ఆ గంట నాదే.
అమ్మ ఆముదం రాసి కాపడం పెడుతూ అనేది:
"కాపడానికి తగ్గితే నొప్పి, తగ్గకపోతే రోగం."
రెండో ముక్క నేను వినలేదు.

మాత్రలా?
మా ఉద్దానంలో మాత్రలంటే
మందుల షాపు గుంటడు కాగితంలో చుట్టిచ్చే
పేరు లేని ఎర్రవి రెండు, తెల్లది ఒకటి.
కొబ్బరిచెట్లు ఎక్కి దిగిన ఒంటినొప్పులకి
నాన్న అవే మింగేవాడు.
ఆ తర్వాత వారానికి రెండు రోజులు
చేతికి గొట్టాలతో పడుకుని
తన రక్తం తననే చుట్టి రావడం చూశాడు.
నీళ్ళంటారు, మట్టంటారు, ఎవరికీ తేలలేదు.
నాకు మాత్రం ఆ పొట్లం విప్పే చప్పుడంటే దడ.
అందుకే మూడేళ్ళు పళ్ళ బిగువున కాశాను.
అదే ధైర్యం అనుకున్నాను.

పెడలు దగ్గర కళ్ళు తిరిగి పడ్డ రోజు
ఒంట్లో రక్తం ఏడే ఉందని తేలింది.

శ్రీకాకుళం రిమ్స్‌లో లైను, స్కానింగు, మళ్ళీ లైను.
డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసింది.
"ఇది సంచి. లోపలి పొర గోడలోకి చొచ్చుకుపోయి
అక్కడే నెలనెలా రక్తం కారుస్తోంది.
పోయే దారి లేదు. గోడ ఉబ్బుతుంది.
కేన్సరు కాదు. నీ ఊహా కాదు."
ఆ చివరి మాటకి ఏడ్చాను.

అడినోమయోసిస్.
రెండుసార్లు పలికించుకుని వదిలేశాను.
నా భాషలో అది జీడిపండు.
లోపలుండాల్సిన పిక్క
బయటికొచ్చి వేలాడుతుంది.
చెట్టునెవరూ తప్పు పట్టరు.

"తీయించీయే! పిల్లలున్నారు కదేటి?
మా వీధిలో నలుగురం తీయించీసినాం"
అంది తవిటమ్మప్ప.
డాక్టరమ్మ కాదనలేదు.
"ఆ తలుపు ఉంది. చివర్న ఉంది. ముందు వీటిని తడదాం."
మొదట కిడ్నీల పరీక్ష రాసింది, నేనడక్కుండానే.
తర్వాతే ఏ మాత్ర, ఎన్ని రోజులు, ఎంత తిన్నాక.
ఐరన్ బిళ్ళలు. మందున్న లూపు.

లూపు వేసిన మొదటి మూడు నెలలు
చుక్కలు చుక్కలుగా విసిగించింది.
పీకించేద్దామని రెండుసార్లు బస్సెక్కి
నరసన్నపేటలో దిగి వెనక్కొచ్చాను.

ఇప్పుడు పొద్దున్న చోడంబలి, టీలు ఐదు నుంచి రెండు.
పీట మీద గోనెసంచి మడత.
గంటకోసారి లేస్తే మేస్త్రీ చూస్తాడు, చూడనీ.
సాయంత్రం రైల్వే గేటు దాకా నడక.
గోడ మీది క్యాలెండర్లో ఎర్రచుక్కలు పెట్టేది మా ఆయన,
లెక్క తప్పుతాడు, నేను దిద్దుతాను.
నొప్పి పోలేదు. వస్తుంది,
ఆరు రోజులది రెండు రోజులుంటుంది,
దాని పేరు నాకు తెలుసు.

నిన్న కొత్తగా చేరిన గుంట ఢిల్లేశ్వరి
బస్తాల వెనక ముడుచుకుని కూచుంది,
గుప్పిట్లో కాగితం పొట్లం.
లాక్కున్నాను. నా సీసా ఇచ్చాను, ఇంకా వెచ్చగానే ఉంది.
"ఎన్నాళ్ళ నుంచే?"
మాట్లాడలేదు. వేళ్ళు చూపించింది,
నెలలో, ఏళ్ళో.

బేస్తవారం నాకూ చూపించుకునేదుంది.
పొద్దుటి బస్సుకి ఇద్దరం.