కుదుపు

గువ్వలచెరువు ఘాట్‌లో మూడో మలుపు కాడ
బండి ఒక్కసారి ఎగిరి పడింది.
గుంతే.
పద్నాలుగేండ్లుగా ఎరిగిన గుంత.
వానకు ఎంత లోతవుతుందో
ఎండకు అంచు ఎట్లా రాలుతుందో
నా నడుముకు తెలుసు.

లోపల ఎవుడో అడిగినాడు:
గుంతేనా?

అద్దంలో చూసినా. రోడ్డు ఖాళీ.
ఖాళీ అంటే, పక్కకు పడిపోయిందేమో.
పక్కన కంపచెట్లు. వాటెనక లోయ.
అరవైమందిని కడప బస్టాండులో దించి
డిపోలో సంతకం పెట్టి
మోటారుసైకిలు తీసుకోని మళ్లీ ఆ మలుపుకే పొయ్యినా.

సెల్లు లైటేసి తారు మీద వంగినా.
చెప్పుందా, చీర పేలికుందా, తడుందా.
పాలకోవా చుట్టిన కాగితం ఒకటి దొరికింది.
తిప్పి తిప్పి చూసినా, వాసన చూసినా.
నెత్తురు కాదు, నెయ్యి.

ఇంటికొచ్చే దావలో
ఇంకో కుదుపు.

గురమ్మ తలుపు తీస్తుంది, ఏమీ అడగదు.
సంగటి ముద్ద రాయై ఉంటుంది,
పక్కన చెనిక్కాయల ఊరిమిండి ఎండిపోయి.
తెల్లారి పేపరు పిల్లోడికంటే ముందే గేటు కాడ నేను.
జిల్లా పేజీలో
'గుర్తుతెలియని వాహనం ఢీకొని' అని యాడుంటే ఆడ
ఆ వాహనం నాదే.
ఒకనాడు ఆ చచ్చిపోయినాయన బద్వేలు దావలో పొయ్యినాడు.
నేను ఆ దావ తొక్కి ఏడాది.
అయినా కూచోని లెక్కేసినా.

కండక్టరు పీరయ్య మంచోడు.
"నేను వెనకే ఉంటి గదన్నా, ఏం కాలా" అంటాడు.
ఆ మాట బీడీ కాలేంత సేపు పనిచేస్తుంది.
మళ్లీ అడుగుతా.
తొమ్మిదోసారికి టికెట్ల మిషను వైపు తిరిగినాడు, పాపం.

గాలి సోకిందని మా అత్త తాయెత్తు కట్టించింది.
అనుమానం పెనుభూతమని డిపోలో నవ్వినారు.
సామెత వాళ్లు చెప్పి
భూతాన్ని నాకు వదిలి పొయ్యినారు.

రిమ్స్‌లో డాక్టరమ్మ, మా తమ్ముని కూతురంత వయసు,
ఎన్ని యాక్సిడెంట్లు చేసినావని అడిగింది.
ఒక్కటీ లేదు తల్లీ. మెడలు ఇచ్చినారు.
కాసేపు రాసుకోని, తలెత్తకుండానే అడిగింది:
"నిజం తెలుసుకోవాలని పోతాండావా,
భయం దిగాలని పోతాండావా?"

నా కాడ జవాబు లేదు.
వరండాలో ఫ్యానొకటి కిర్రుమంటాండ్య.

జబ్బుకు ఇంగ్లీషులో మూడక్షరాల పేరుంది.
నేను పెట్టుకున్న పేరు వేరే:
నాలోపల ఇంకో కండక్టరుండాడు.
టికెట్లు కొట్టడు, చిల్లర ఇయ్యడు,
స్టేజీ ఉన్నా లేకున్నా
ఒక్క బెల్లే కొడతాంటాడు.
నేను ఆపిన ప్రతిసారీ
ఉద్యోగం పర్మనెంటయిందనుకుంటాడు.

మాత్రలిచ్చింది. అవి మింగడం సులువు.
మలుపు కాడికి తిరిగి పోవద్దనింది. అదే మింగుడు పడలా.
"ఏమీ కాలేదని నాతో ఒక్కసారి చెప్పమ్మా" అంటే
"చెప్పను" అనింది.
గురమ్మను కూడా చెప్పొద్దనింది.
ఇదేం వైద్యం? దప్పికన్నోనికి
చెంబు చూపించి దాచినట్లుంది.

నాలుగు రాత్రులు పోలేదు.
ఐదో రాత్రి పొయ్యినా. దాచను.
లైటేసి, గుంతను చూసి,
గుంత నన్ను చూసి,
ఇద్దరం సిగ్గుపడినాం.

నిన్న మళ్లీ అదే మలుపు, అదే కుదుపు.
బెల్లు మోగింది.
చేతులు స్టీరింగుకు అంటుకుపోయినాయి,
చొక్కా వీపుకు.
అద్దంలో ఒక్కసారే చూసినా,
డ్యూటీ ప్రకారం ఎంత చూడాల్నో అంత.
ఎవురో చంటిబిడ్డ ఏడుస్తాండ్య వెనక సీట్లో,
ఎవురో చెనిక్కాయలు ఒలుచుకుంటాండ్రు.
బండి దిగువకు పొయ్యింది.

ఇంటికొచ్చి కూచుంటే గురమ్మ గడియారం చూసింది.
అన్నానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి
నా నోరు తెరుచుకుంది, అడగడానికి.
ఆమె సంగటి ముద్దను గుంత చేసి
పులుసు పోసింది.
ఏళ్లు కాలినాయి.

ఆ మలుపు కాడ ఏముండ్యనో
నాకు తెల్దు.
పండుకున్నా.
నిద్ర రాలా, అయినా
పండుకోనే ఉన్నా.