హ కింద నావత్తు

ఇది ఒకప్పుడు ఆటసామాను గది.
గాలి పోయిన ఫుట్‌బాళ్లను మూలకు తన్ని
బల్ల ఒకటి, కుర్చీలు రెండు వేసి
తలుపు మీద 'కౌన్సెలింగ్' అని అంటించారు.
ప్రతి మంగళవారం నేనొస్తాను
జగద్గిరిగుట్ట ఎక్కే షేర్ ఆటోలో
పరీక్షల పెట్టెను ఒళ్లో కూర్చోబెట్టుకుని.

ఈ వారం కాగితం మీది పేరు జాహ్నవి.
నాలుగో తరగతి, బి సెక్షన్.
టీచరు ఎర్ర పెన్నుతో రాసి పంపింది:
పరధ్యానం. మొండితనం. నోట్సు రాయదు.
గంట కొడితే బెంచీ కిందికి దూరుతుంది.
మొన్న పక్కపిల్ల చెయ్యి కొరికింది.
కొరికే ముందు ఏం జరిగిందో
రాసేందుకు ఆ ఫారంలో గీత లేదు.

వచ్చి కూర్చుంది. కాళ్లు నేలకందవు.
రెండు జడల్లో ఒకదానికే రిబ్బను.
స్టాప్‌వాచ్ చూసి అడిగింది:
"మేడం, నేను తప్పు జేస్తే గది మోగుతదా?"
మోగదన్నాను.
నమ్మలేదు.
ఒక చెవి మీద చెయ్యి ఉంచుకునే మొదలుపెట్టింది.

ఎర్రవీ తెల్లవీ చెక్కముక్కలు తిప్పి
చూపిన బొమ్మను
నేను కళ్లద్దాలు సర్దుకునేలోగా పేర్చేసింది.
అంకెల్ని వెనక నుంచి చెప్పమంటే
మూడింటికే అలసిపోయింది.
ఇక చదవమన్నాను.
పాఠం మీద వేలు పెట్టింది.
షాపూర్‌నగర్ సిగ్నల్ దగ్గర సాయంత్రపు బస్సులా
వేలు అక్కడే.
మ ని య అంది. య ని మ అంది.
థ కడుపులో చుక్కను
అన్నంలో పురుగును చూసినట్టు చూసింది.
"నిన్న వచ్చినయి మేడం,
ఇయ్యాల వస్తలేవు."

పేరు రాయమన్నాను.
జా బాగానే పడింది.
హ రాసి, దాని కింద నావత్తును
ఎక్కడ దించాలో తెలియక
పెన్సిల్ గాల్లోనే పట్టుకుంది చాలాసేపు.
చివరికి హనే చెరిపేసింది.
జానవి.
ఎవరో ప్రేమగా పెట్టిన పేరులో
తనకు అందినంత.

మీ నాన్న ఏం చేస్తాడమ్మా?
"బాలానగర్ల లేతు మిషిను.
చప్పుడు వింటే చెప్తా నేను,
ఇనుం కోస్తుండా, ఇత్తడి కోస్తుండా అని.
నాన్న వేలు పోయిన దినం
మిషిను కీఁ అన్నది.
ఇస్కూల్ గంట గట్లనే అంటది మేడం."

స్టాప్‌వాచ్ ఆపడం మరిచిపోయాను.
నియమం ప్రకారం, అప్పుడు నడుస్తున్న ప్రశ్న చెల్లదు.

మా చిన్నన్న ఉండేవాడు.
గోడకుర్చీ, తొడపాశం, మొద్దు అనే బిరుదు.
వాడికి జరిగిన పరీక్షలు ఇవే.
ఆరో తరగతిలో వాడు బడి మానేసిన రోజు
ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.
అందరికీ కాస్త హాయిగా అనిపించింది.
నాక్కూడా.

పై మంగళవారం తల్లి వచ్చింది.
టిఫిన్ సెంటర్లో పిండి రుబ్బిన చేతులు
కొంగుకు తుడుచుకుంటూ, కూర్చోకుండానే:
"మా పిల్లకు పిచ్చి గిట్లనా మేడం?"
కాదన్నాను. మొండితనమూ కాదన్నాను.
అక్షరాల దగ్గరికి తను వేరే దారిన వస్తుందని,
ఆ దారిలో రోజూ అరగంట ఒక మనిషి తోడుండాలని,
గంటకు దూరంగా ఒక బెంచీ కావాలని చెప్పి
నాలుగు పేజీల రిపోర్టు ముందు పెట్టాను.
"మీరే చదువుండ్రి మేడం, అద్దాలు తేలే."

ఆమె ముక్కు వైపు చూశాను.
అద్దాలు ఎన్నడూ కూర్చున్న గుర్తు లేదక్కడ.

సంతకం చేసింది,
కరెంటు పోయినప్పుడు మెట్లు దిగినట్టు
ఒక్కో అక్షరమూ తడిమి.
స్వరూప అని ఫారంలో ఉంది.
ఆమె రాసింది సరూప.
పిల్ల భుజం మీంచి వంగి
స కింద వేలు పెట్టింది:
"ఈడ ఏందో ఉండాలె గదమ్మా?"

బయట గంట మోగింది.
పిల్ల బల్ల కిందికి దూరింది.
తల్లి నన్ను చూసింది, తలుపును చూసింది,
కొంగు నడుముకు దోపుకుని
తనూ దూరింది.

బల్ల కింది నుంచి
రెండు జతల చెప్పులు కనిపిస్తున్నాయి.
గంట ఆగిపోయి చాలాసేపైంది.
చేతిలో రిపోర్టుతో
నేనింకా నిలబడే ఉన్నాను.