ఒక కిలో రాయి

లాంజిపల్లి గేటు అవతల మా కొట్టు.
బోర్డు మీద ఒడియాలో మామయ్య పేరు,
కాటా వెనక స్టూలు మీద నేను.
పన్నెండేళ్లుగా బరంపురం పారేసిన దాంట్లో కొంత
నా వేలి మీదుగానే తూగి వెళ్లింది.

వేలి మీదుగా అన్నాను కదా,
దాని సంగతి తర్వాత చెప్తాను.

దాలమ్మ మూడింటికి లేస్తుంది.
మునిసిపాలిటీ బండి పాట పెట్టుకుని రాకముందే
గేటు బజారు దాటి, పట్టు నేసే వీధి దాటి
ఊరగాయల కంపెనీ వెనక గోడకి చేరుతుంది.
నూనె డబ్బా వాసన చూసి
మామిడో ఉసిరో చెప్పగలదు.
మూతకొక రేటు, సీసాకొక రేటని,
పాలకవరు కడిగి ఆరేస్తే రూపాయిన్నర ఎక్కువని
ఏ ఇంజినీరూ వచ్చి ఆమెకి చెప్పలేదు.
కుక్కలకి ఆమె తెలుసు.
డంపు యార్డు గేటు దగ్గర కొత్తగా వచ్చిన కుర్రాడికే తెలీదు,
"కార్డు కాహిఁ?" అంటాడు.
చెయ్యి చాపి చూపిస్తుంది,
అరచేతిలో అడ్డంగా గాజుపెంకు గీసిన గీత.

సంచి దించే ముందు ఓసారి ఎగరేసి
"పద్నాలుగున్నర" అంటుంది.
కాటా పదమూడంటుంది.
"వయసైపోతంది బాబూ,
సేతులు అబద్దమాడతన్నాయి" అని
డబ్బులు కొంగున ముడేసుకుంటుంది.

పళ్లెం అంచు కింద నా వేలు.
దేనికెంత ఎత్తాలో దానికి తెలుసు,
నేను చెప్పక్కర్లేదు.

ఠాకురాణి జాతర ముగిసిన తెల్లారి
ఊరంతా ప్లేట్లు, గ్లాసులు, తొక్కిన బెలూన్లు.
మనవడు బైరాగి తోపుడుబండి తోస్తుంటే
ఆరు సంచులు తెచ్చింది.
ఆఖరి సంచి అడుగు నుంచి
గుడ్డలో చుట్టిందేదో తీసి కాటా మీద పెట్టింది.

ఇనప రాయి.
మూతపడ్డ ఏ కిరాణా కొట్టుదో.
ఆరు పలకలు, నెత్తిన ముద్ర: ఒక కిలో.

అలవాటున నా వేలు తన పని చేసేసింది.
కాటా తొమ్మిది వందలంది.

దాలమ్మ నాకేసి చూడలేదు.
రోడ్డు మీద ఎవరిదో స్కూటరు స్టార్టవట్లేదు,
దాన్నే చూస్తోంది.
"ఇనుం రేటే ఎయ్యి బాబూ" అంది.
"తుప్పట్టినాది. అరిగిపోయుంటాది."

ఆ నెలాఖర్లో ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు.
చెత్త తగ్గించిన ఊళ్ల పోటీ ఉందట,
నెలకెన్ని టన్నులు పోతాయి మీ కొట్టు నుంచి, అన్నాడు.
పుస్తకం ఇచ్చాను. నిలబడే రాసుకున్నాడు.
ఆ కాగితంతో పాటు నా వేలూ
భువనేశ్వరం వెళ్లింది.
దాలమ్మ మోసినదాంట్లో పదోవంతు
ఈ ఊరు అసలు పారెయ్యనే లేదు,
ఎవరూ వంగి తియ్యనే లేదు.
మిగిలిన తొమ్మిది వంతుల పక్కన
పేరు రాయడానికి గడి లేదు.

రాయిని తుక్కులో వెయ్యలేదు.
షట్టరెత్తగానే రోజూ పళ్లెంలో పెట్టి చూస్తాను.
మామయ్య ఊళ్లో లేని రోజుల్లో
కిలో చూపిస్తోంది.

దాలమ్మ సంచి ఎగరేయడం మానేసింది.
ఎంతుంటుందమ్మా, అని నేనే అడుగుతున్నాను.
"నువ్వే సెప్పు బాబూ" అంటుంది.