పాట లేని నెల

మాదాపూర్ హోటల్లో
ఈ మూడు రోజులూ నాది అద్దాల గూడు.
చెవిలో ఒక దేశం, నోట్లో తెలుగు.
కింద గుండ్రటి బల్ల చుట్టూ
ఇరవై రెండు బుల్లి జెండాలు,
ఏసీ గాలికి కూడా కదలనివి.

గ్రీన్ బాండ్ అన్నారెవరో.
హరిత పత్రం అన్నాను, పచ్చ బాండు అన్నాను,
ఏదీ నాలుక మీద నిలవలేదు.
బేగంబజార్ గుమాస్తా మా నాన్న వింటే
అప్పుకి రంగేంటే అనేవాడు.
ఆయనెరిగిన పచ్చకాగితం ఒక్కటే,
అయిదు రూపాయలది.
బాండంటే బంధమే కదా అని
రుణానుబంధం దాకా వచ్చి
రేటింగు వాళ్ళు నవ్వుతారని మింగేశాను.

దీవి నుంచి వచ్చిన పెద్దాయన లేచాడు.
"మా తాత సమాధి ఇప్పుడు నీళ్ళలో ఉంది" అన్నాను నేను.
దుబాసీకి 'నేను' కూడా అరువే.
తర్వాత వడ్డీ, పూచీ, గడువు.
సూత్రప్రాయంగా అంగీకరిస్తున్నాం, అన్నాను
పందొమ్మిది సార్లు,
పందొమ్మిది దేశాల గొంతుతో.

చాదర్‌ఘాట్, మూసానగర్.
మూసీ ఇళ్ళల్లోకొచ్చిన అక్టోబరు.
గోడ మీద బురద గీత ఇంకా తడిగానే ఉంది,
ఫర్హానా కుట్టుమిషను ఎటు పోయిందో తెలీదు.
అయినా తారీకు తారీకే.
లచ్చుబాయి మిద్దె మీద చిట్టీ పాట.
"పాడుండ్రి" అంది లచ్చుబాయి.
ఇరవై మంది ఆడవాళ్ళు.
ఆ నెల చిట్టీ మీదే మా అమ్మ
నా కాలేజీ ఫీజుకి ఆశ పెట్టుకుంది.
నా వైపు చూసింది,
తర్వాత చాప అంచు దారాలు లాగుతూ కూర్చుంది.
"వంద" అంది ఫర్హానా, వినీ వినపడకుండా.
ఒకటోసారి.
రెండోసారి.
కింద ఎవరో బకెట్‌తో బురద ఎత్తిపోస్తున్న చప్పుడు.
మూడోసారి.

గంగవ్వ మాత్రం ఏడాది పొడుగునా
ఆ సంగతి దెప్పుతూనే ఉంది.
నేను ఫీజు ఫైనుతో కట్టాను.

"ఇంకెవరైనా మాట్లాడతారా?"
అధ్యక్షుడు అడిగాడు, నేనూ అడిగాను.
ఎవరూ మాట్లాడలేదు.
ఒకాయన నీళ్ళ సీసా మూత తిప్పాడు,
ఒకామె ఫోన్‌లో విమానం టైము చూసుకుంది.
ఇది లచ్చుబాయి మిద్దె మీది మౌనమేనా, వేరేదా
పైనుంచి చూస్తే తెలియడం లేదు.
మైకు ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.
దీవి పెద్దాయన
హెడ్‌ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుని
తలెత్తి నా గూటి వైపు చూశాడు,
నేనేదో చెప్పడం మరిచిపోయానేమో అని.