తొడుగు

వెంట్రుకంత సన్నం అంటారు గానీ
కొలిచి చూశాను,
గుర్రపు తోక వెంట్రుకతో సరి.
గాజు. లోపల వెలుగు నడిచే దారి.
వేలితో వంచితే వంగుతుంది,
ఇంకాస్త వంచితే చప్పుడైనా లేకుండా రెండవుతుంది.
దీన్ని తీసుకెళ్లి కాంక్రీటులో పాతాలి.

కంకరకు దయ తెలీదు.
సిమెంటు నీళ్లలోని క్షారం
చెద పుస్తకాన్ని తిన్నట్టు గాజును తింటుంది, తొందరేం లేకుండా.
పైగా వైబ్రేటర్ గొట్టం పట్టుకున్న కుర్రాడికి
ఎక్కడ ఏం దాచామో గుర్తుండదు,
భోజనం గంట ఒక్కటే గుర్తు.

అందుకని తొడుగు.

మొదటి ఏడు భయపడ్డాను.
ఉక్కు గొట్టంలో పెట్టి, జెల్ నింపి, పైన రబ్బరు చుట్టి
చంటిపిల్లను మంచులోకి తీసుకెళ్తున్నట్టు మూటగట్టాను.
ఏదీ దాన్ని విరగ్గొట్టలేదు.
దానికీ ఏమీ తెలియలేదు.
గోధుమ లారీలు వంతెన దాటుతున్నాయి, దూలం వంగుతోంది,
తెర మీద నా గీత మాత్రం
చల్లారిన పాల మీద మీగడలా కదలకుండా.
స్టెఫ్కా కాఫీ కప్పుతో వచ్చి, చూసి, అంది:
"బతికే ఉంది. కానీ ఊళ్లో లేదు."

అప్పట్నించీ ఒకటే లెక్క.
దెబ్బ తగలకూడదు, నొప్పి తెలియాలి.
ఈ రెంటి మధ్య ఉండాల్సిన మందం
జిగురు మారితే మారుతుంది,
ఎండకు మారుతుంది, ఒక్కోసారి ఊరికే మారుతుంది.
ఇప్పుడు గాజునార కడ్డీలో, రెసిన్‌తో కలిపి, ఒక్క ఒంటిగా పోస్తున్నాం.
కడ్డీ సాగితే అదీ సాగాలి. తప్పించుకోవడానికి చోటివ్వకూడదు.

ఈ అక్టోబరు, అసినిబోయిన్ నది మీద.
నీటి అంచున మంచు పెంకు కట్టింది.
ఇనుప చువ్వల మీద మోకాళ్లూని బెనిల్డో.
ఇలోయిలో నుంచి వచ్చి పందొమ్మిదేళ్లు,
ఇప్పటికీ చలిని ఇంటికొచ్చిన పోలీసును చూసినట్టే చూస్తాడు.
చువ్వకు కింది వైపు, వైబ్రేటర్ దూరని చోట
నా కడ్డీని కట్టాలి,
నైలాన్ పట్టీతో, మరీ బిగించకుండా.
చేతి తొడుగు తీసేశాడు.
"వేసుకో, వేళ్లు పోతాయి."
"వేసుకుంటే ముడి ఎంత బిగిసిందో తెలీదు"
అన్నాడు, నావైపు చూడకుండా.

పదకొండేళ్లుగా నేను వెతుకుతున్న వాక్యం
అతను ముక్కు చీదుకుంటూ చెప్పేశాడు.

ప్రతి కడ్డీ పక్కనా ఇంకో పోగు ఉంటుంది,
వదులు గొట్టంలో, దేనికీ అంటకుండా.
దానికి బరువు తెలీదు. చలి ఒక్కటే తెలుసు.
మొదటి దాని మాటలోంచి దీని మాట తీసివేస్తే
మిగిలేది బరువు.
వంతెన చలికి ముడుచుకుందో, భారానికి కుంగిందో
ఒక్కదాన్నే అడిగితే అది మాత్రం ఏం చెబుతుంది?

ఎనిమిది పెట్టాం. పోత అయ్యాక
ఎనిమిదీ పలికాయి. స్టెఫ్కా నా వీపు చరిచింది.
నాలుగో రోజు చెక్కలు ఊడదీస్తూ
వడ్రంగి గునపం ఒక్క గుంజు గుంజాడు.
ఇవి చచ్చేది లోపల కాదు,
కాంక్రీటు దాటి బయటికొచ్చే చోట, గడప దగ్గర.
ఏడో నంబరు పోయింది.
అతన్ని తిట్టలేదు. ఆ గడప దగ్గర మెత్త తొడుగు
రెండు అంగుళాలు తక్కువ కోసింది నేనే.

జనవరి. సున్నాకు ముప్పై ఒకటి కింద.
రేకుల గదిలో హీటరు, బూట్లతోనే నిద్రపోయిన స్టెఫ్కా.
రాత్రి మూడింటికి మంచు తోసే బండి వంతెనెక్కింది.
గీత లేచింది, ఆవలింతంత.
మళ్లీ పడుకుంది.
బండివాడికి తెలీదు
తనను ఏడు పోగులు మోసి దించాయని.

ఏడో గడి ఖాళీ.
తీసెయ్యమంటావా అని ప్రోగ్రాం రోజూ అడుగుతుంది.
తియ్యలేదు.
దాని పక్క పోగు ఇంకా చలి చెబుతూనే ఉంది,
ఎందులోంచి తీసివేయాలో లేకపోయినా.